నానో చదువూ, నత్రజని లెక్కా



ఈ పూట మీతో ముచ్చటించబోయే విషయం పేరు వినగానే "ఇది మన పొలానికి సంబంధించింది కాదు" అని లేచిపోకండి. నానో పదార్థాల ఇంజనీరింగు అనే ఒక పెద్ద చదువు ఉన్నది. డిగ్రీ అయిన తరువాత ఎం.టెక్. స్థాయిలో రెండేళ్ళు చదువుతారు. ఆ చదువులో ఏముంటుంది, దానివల్ల పొలానికి వచ్చేదేమిటి, పోయేదేమిటి, మన ఇంటి పిల్ల ఆ చదువు చదువుతానంటే ఏం చెప్పాలి, ఇదీ సంగతి. నేను ఆ చదువు చదివినవాణ్ణి కాను. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా నా చదువు. బి.ఎస్సీ. వ్యవసాయంలో చేరుదామని ఒకసారి అగ్రిసెట్ కూడా రాశాను, సీటు రాలేదు. అయినా ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత నామీద పడింది. అది ఎట్లా పడిందో ముందు మనవి చేస్తాను.

2022-23 యాసంగిలో మా క్లస్టరులోని ఒక రైతు రెండెకరాలు వరి నాటు వేసినాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడు, కాకా అని పిలుస్తాను. అప్పటికి నానో యూరియా సీసాలు ఊళ్ళోకి వచ్చి కొంతకాలమైంది. ఒక సీసా ఒక బస్తా యూరియాతో సమానమని అందరూ అంటున్నారు. నేనూ అన్నాను. పిలకల దశలో ఒకసారి, అంకురం దశలో ఒకసారి చల్లవలసిన యూరియా మానివేసి సీసా మందు పిచికారీ చేయమని కాకాకు చెప్పాను. ఆయన చేసినాడు. అంకురం దశ వచ్చేసరికి పక్క మడి నల్లగా నిగనిగలాడుతున్నది, మా కాకా మడి పండుటాకు రంగు తిరిగింది. అప్పుడు పరుగెత్తి యూరియా తెచ్చి చల్లినాడుగానీ వేళ మించిపోయింది. కోత కోసినాక తూకం చెప్పనే చెప్పింది. ఆయన నన్ను ఒక్క మాట పరుషంగా అనలేదు. "చీటీ మీదిది నువ్వు చదివినవు సారూ, నేను నమ్మిన" అన్నాడు, అంతే. ఆ మాట తిట్టుకన్న గట్టిగా తగిలింది నాకు.

ఇది జరిగిన మరుసటి ఏడు, 2024 ఎండాకాలంలో, ఆయనే ఒకనాడు రైతు వేదిక దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయన బిడ్డ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి, హైదరాబాదులో ఎం.టెక్. నానో టెక్నాలజీలో చేరిన సంగతి నాకు తెలుసు. రెండో ఏడు ఫీజు కట్టాలె, గది కిరాయి కట్టాలె. రోడ్డు పక్కనున్న పది గుంటలకు బేరం వచ్చింది.

"ఒక మాట అడుగుత సారూ. మా బిడ్డ చదివేది గా సీసా చదువేనట గద? ఊళ్ళె అందరు నవ్వుతున్నరు. సీసా నా పంట ముంచింది. ఇప్పుడు సీసా చదువుకు భూమి అమ్ముదునా?"

నాకు జవాబు తోచలేదు. తోచినట్టు నటించి ఒకసారి ఆయన పంట పోగొట్టాను, రెండోసారి భూమి పోగొట్టలేను గదా. "కాకా, చదివే పిల్లనే అడుగుదాం పద" అన్నాను.

ఒక ఆదివారం ఇద్దరమూ బయలుదేరాము. మా వైపు బస్సులు సికింద్రాబాదులో జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర దింపుతాయి. అక్కడినుంచి మెట్రో రైలులో రెండో స్టేషను గాంధీ ఆస్పత్రి. దిగి కొంచెం లోపలికి నడిస్తే పద్మారావు నగర్. స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి గుడికి దగ్గరలో ఒక పాత ఇంటి మేడమీద గదిలో ఆ అమ్మాయి మరి ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఉంటున్నది. పొద్దున్నే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మరో బండి పట్టుకొని కూకట్‌పల్లిలోని జె.ఎన్.టి.యు. దాకా పోయి వస్తుందట. ఇంత దూరం ఎందుకమ్మా అంటే, స్నేహితురాలి వాళ్ళ ఇల్లు కనుక కిరాయి తక్కువ అన్నది. కాకా భుజాన బియ్యం మూట, నా చేతిలో పచ్చడి డబ్బా. ఎండ తగ్గేదాకా గదిలో కూర్చుని, తరువాత డాబా మీద చాప వేసుకున్నాము. గుడి గంటలు వినిపిస్తున్నాయి. ఇప్పుడు నేను మీకు చెప్పబోయేదంతా ఆ చాప మీద కూర్చుని నేర్చుకున్నదే అనుకోండి, తరువాత నేను చదివి కలుపుకున్నది కొంత.

"నానో అంటే ఏంది బిడ్డా?" అని కాకా అడిగాడు. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఒకటి నుంచి వంద నానోమీటర్ల మధ్య ఉండే రేణువులను నానో రేణువులంటారు. ఇంత వరకు పుస్తకాలన్నీ చెపుతాయి, విన్నవాడికి ఒక్క ముక్కా మిగలదు. ఆ పిల్ల మాత్రం వేరే దారి పట్టింది.

"బాపూ, మనకు రేగడి చెలక ఉన్నది, ఎర్ర చల్క ఉన్నది. రెండూ మట్టేగద. వాన పడితే రేగడి ఎందుకు పట్టుకుంటది, చల్క ఎందుకు విడుస్తది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు డిప్లొమాలోనే చెప్పారు. రేగడిలో ఉండే బంకమట్టి పలుచని రేకులు రేకులుగా ఉంటుంది, ఆ రేకుల మధ్యకు నీరు చొరబడి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. అయితే ఆ రేకు మందం ఎంతో నేను ఏనాడూ అడగలేదు. సుమారు ఒక్క నానోమీటరు! అటువంటి మట్టి ఒక గ్రాము తీసుకొని రేకులన్నీ విప్పి పరిస్తే ఏడెనిమిది వందల చదరపు మీటర్లు అవుతుంది. మన గుంట నూట ఒక్క చదరపు మీటర్లు. అంటే చిటికెడు మట్టిలో ఏడెనిమిది గుంటల నేల మడత పెట్టి ఉన్నదన్నమాట. ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే బంకమట్టి రకం రేకులు మందంగా ఉంటాయి, ఒక గ్రాముకు పది ఇరవై చదరపు మీటర్లు దాటదు. ఎరువు పట్టుకునే శక్తి, నీరు నిలిపే శక్తి ఈ రెండింటికీ అంత తేడా ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా. నానో పదార్థం నిన్న మొన్న సీసాలో వచ్చింది కాదు. తాతల కాలం నుంచీ అరకకట్టి దున్నుతున్నదే.

ఇదే లెక్కను మనుషులు చేతులతో చేయగలిగితే అది నానో ఇంజనీరింగు. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గళ్ళ ముక్క ఒకటి ఉన్నదనుకోండి. దాని ఒళ్ళంతా కలిపి ఆరు చదరపు సెంటీమీటర్లు. దాన్నే పది నానోమీటర్ల ముక్కలుగా కోస్తే, బరువు గురిగింజంత కూడా పెరగదు, కాని ముక్కలన్నింటి ఒళ్ళు కలిపి ఆరు వందల చదరపు మీటర్లు, దాదాపు ఆరు గుంటలు. ఒళ్ళు పెరిగిన కొద్దీ పక్క వస్తువుతో కలిసే చోటు పెరుగుతుంది, చురుకు పెరుగుతుంది, ఒక్కొక్కసారి రంగు కూడా మారుతుంది. బంగారాన్ని అంత సన్నగా నీటిలో చెదరగొడితే కెంపు రంగు వస్తుందని లండన్‌లో మైకేల్ ఫారడే 1857లోనే చూపించాడు. నానో టెక్నాలజీ అనే పేరు జపానులో 1974లో పుట్టింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2007లో నానో మిషన్ ప్రారంభించిన తరువాత విశ్వవిద్యాలయాలలో ఈ చదువులు విస్తరించినవి.

ఇక వాళ్ళు అక్కడ చేసే పనేమిటి? సన్న రేణువు చేయడానికి రెండు దారులట. పెద్దదాన్ని నూరి నూరి చిన్నది చేయడం ఒకటి. మన విసుర్రాయి పనే, కాకపోతే గట్టి గుండ్లు వేసిన డబ్బాను గంటల తరబడి తిప్పుతారు, బాల్ మిల్లు అంటారు. రెండవది, ద్రావణంలోంచి కొత్తగా పుట్టించడం, పాలు విరిగితే ముక్కలు తేలినట్లు. ఈ అమ్మాయి జింకు లవణాన్ని నీటిలో కరిగించి, క్షారం చుక్కలు చుక్కలుగా పోసి, తెల్లగా దిగిన మడ్డిని కడిగి, ఎండబెట్టి, కాల్చి జింకు ఆక్సైడు పొడి చేసింది. చేయడం నాలుగు రోజుల పని. ఆ తరువాతిది నెలల పని. ఎందుకంటే ఆ పొడి నిజంగా నానోనా కాదా అని తేల్చాలి. కంటికి కనపడదు గదా! ఎక్స్ కిరణాలు పంపి అవి ఏ కోణంలో చెదురుతాయో చూడాలి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫోటో తీయాలి, నీటిలో కలిపి ఎంత పరిమాణంలో తేలుతున్నాయో వెలుతురు పంపి కొలవాలి.

"మొదటిసారి నేను చేసిన పొడి నానో కానే కాలేదన్నా" అని నవ్వింది ఆ పిల్ల. ఎండినప్పుడు ఫోటోలో సన్న రేణువులే కనిపించాయట. నీటిలో వేయగానే ఒకదానినొకటి అతుక్కొని ముద్దలైపోయాయి. కాకాకు ఇది వెంటనే అర్థమయింది. "అంబలి కాసేటప్పుడు జొన్నపిండి సక్కగ మరిగే నీళ్ళల్ల పోస్తే ఉండలు కట్టినట్టు" అన్నాడు. సరిగ్గా అంతే. మన ఆడవాళ్ళు ముందుగా చల్లనీళ్ళలో పిండి కలిపి పెడతారు. వీళ్ళు రేణువుల మీద పలుచని పూత వేస్తారు, అవి దూరదూరంగా ఉండేటట్లు. ఆ పూత ఏది, ఎంత, ఎన్నాళ్ళు నిలుస్తుంది అనేదే పెద్ద విద్య. అట్టి కట్టడి లేకపోతే సీసా మీద నానో అని రాసి ఉండవచ్చు, లోపల ఉండేది మామూలు పొడే.

మిత్రులారా, ఇంతసేపూ నేను హాయిగా వింటున్నాను. అప్పుడు ఆ పిల్ల ఒక మాట అడిగింది.

"అన్నా, ఆ యేడు మా బాపుకు చెప్పిన సీసాల ఎంత నత్రజని ఉన్నదో లెక్క కట్టినవా?"

బస్సు టికెట్టు వెనక పెన్సిలుతో కట్టాను. అప్పటి సీసా అర లీటరు. మీద రాసి ఉన్నది నాలుగు శాతం నత్రజని. అంటే సీసా మొత్తం మీద ఇరవై గ్రాములు. యూరియా బస్తా నలభై అయిదు కిలోలు, అందులో నత్రజని నలభై ఆరు శాతం. అంటే ఇరవై కిలోల ఏడు వందల గ్రాములు. బస్తాలో ఉన్న నత్రజని సీసాలతో తేవాలంటే వెయ్యిన్ని ముప్పై అయిదు సీసాలు కావాలి. నేలలో వేసిన యూరియా అంతా పైరుకు దక్కదు, కొంత ఆవిరై పోతుంది, కొంత నీటితో దిగిపోతుంది, నిజమే. మూడో వంతే దక్కిందనుకుందాం. అప్పటికీ ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములు. సీసాలోది చుక్క పోకుండా ఆకులోకి దిగినా ఇరవై గ్రాములు. ఎకరానికి పాతిక క్వింటాళ్ళ వడ్లు పండాలంటే పైరు నేలనుంచి నలభై కిలోలకు అటూ ఇటూగా నత్రజని తీసుకుంటుందని మా పాఠాలలోనే ఉన్నది. రేణువు ఎంత సన్నదైనా ఒక అణువు రెండు అణువులు కాదు గదా.

కాకా టికెట్టు ముక్క తీసుకొని తిప్పి చూశాడు. "గీ లెక్క నీకు అప్పుడు తెల్వదా సారూ?"

"తెలువక కాదు కాకా. కట్టలేదు."

ఆయన ఇంకేమీ అనలేదు. పిల్ల లేచి టీ పెట్టడానికి పోయింది. నా మటుకు ఆ డాబా మీద మరి కాసేపు తల ఎత్తలేదు. హెచ్చవేతలు మూడో తరగతిలో నేర్చుకున్నవే. అందరూ ఒక మాట అంటున్నప్పుడు మనం కూర్చుని లెక్క కట్టడం అనేది చదువుతో వచ్చే గుణమో, బుద్ధితో వచ్చే గుణమో తెలియదు. నాకు రాలేదు, అంతవరకు నిజం.

విస్తరణ మిత్రులు ఇక్కడ కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో నానో యూరియాను ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చింది. అంతకు ముందు 2020 జూలైలో వ్యవసాయంలోనూ ఆహారంలోనూ వాడే నానో ఉత్పత్తులను ఎట్లా పరీక్షించాలో మార్గదర్శకాలు కూడా వెలువడినవి. డెన్మార్కులోని కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2023లో మనం పైన కట్టిన లెక్కవంటి లెక్కలే ఎత్తిచూపుతూ విమర్శ రాశారు. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రెండేళ్ళు పొలంలో ప్రయోగాలు చేసి, యూరియా తగ్గించి నానో యూరియా వాడిన మడులలో వరి, గోధుమ దిగుబడి తగ్గిందనీ, గింజలో మాంసకృత్తులు కూడా తగ్గాయనీ తేల్చారు. 2024 ఆరంభంలో ఆ ఫలితాలు పత్రికలకెక్కాయి. అదే 2024లో నత్రజని ఎక్కువగా ఉన్న రకం వచ్చింది, అర లీటరు సీసాకు నూరు గ్రాముల లెక్కన. ఇరవై కన్న నూరు ఎక్కువే, ఇరవై వేల ఏడు వందలతో పోలిస్తే మాత్రం ఎంతో మీరే చూసుకోండి.

అయితే ఈ మాటతో నానో చదువంతా గాలి మూట అనుకుంటే అది రెండో తప్పవుతుంది. ఊళ్ళో నవ్విన వాళ్ళు చేసింది ఆ తప్పే. పైరుకు కిలోల లెక్కన కావలసినవి కొన్ని, గ్రాముల లెక్కన కావలసినవి కొన్ని. నత్రజని కిలోల లెక్క. జింకు గ్రాముల లెక్క. ఎకరం వరి తీసుకునే జింకు నూరు గ్రాములకు కొంచెం అటూ ఇటూ. దానికోసం మనం దుక్కిలో ఇరవై కిలోల జింకు సల్ఫేటు వేస్తున్నాము. అందులో ఎక్కువ భాగం నేల పట్టేసుకుంటుంది, పైరుకు అందదు. ఇటువంటిచోట రేణువును సన్నం చేసి ఆకుకో విత్తనానికో సూటిగా అందిస్తే ఉపయోగం ఉండడానికి వీలున్నది.

ఇది ఊహ కాదు. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. అక్కడ నానో టెక్నాలజీ ప్రయోగశాల ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు వేరుశనగ మీద ఇరవై అయిదు నానోమీటర్ల జింకు ఆక్సైడును ప్రయోగించి 2012లో ఫలితాలు ప్రకటించారు. విత్తనాన్ని లీటరుకు ఒక గ్రాము చొప్పున కలిపిన నీటిలో శుద్ధి చేస్తే మొలక బాగా వచ్చింది, వేరు సాగింది. పొలంలో మామూలు జింకు మందు మోతాదులో పదిహేనో వంతు మాత్రమే పిచికారీ చేసినా కాయ దిగుబడి పెరిగింది. ఇక్కడే ఆగవద్దు, తరువాతి వాక్యం ముఖ్యం. అదే జింకు ఆక్సైడు లీటరుకు రెండు గ్రాములు చేయగానే మేలు పోయి కీడు మొదలయింది, మొలక కుంటుపడింది. రెట్టింపుకే! మనవాళ్ళకు మందు కొంచెం ఎక్కువ పోస్తే బాగా పనిచేస్తుందనే నమ్మకం ఎంత గట్టిదో మీకు తెలుసు. సన్న రేణువుల విషయంలో ఆ చేయి జారుడు పనికిరాదు. ఎంత సన్నం, ఎంత మోతాదు, ఏ పైరుకు, ఏ దశలో అని కొలిచి చెప్పే మనుషులు కావాలి. ఆ మనుషులు ఆకాశంలోంచి ఊడిపడరు, పద్మారావు నగర్ గదులలోంచి మెట్రో ఎక్కి పోయి చదువుకున్న పిల్లలే కావాలి.

పొలం సంగతి ఇట్లా ఉంటే బయట ఈ చదువుకు పనులు చాలా ఉన్నాయి. మద్రాసు ఐ.ఐ.టి.లో వెండి నానో రేణువులతో తాగునీటిలోని పురుగుమందుల అవశేషాలు తీసే వడపోత కనిపెట్టారు. మన హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర పరిశోధనా సంస్థలో నానో పదార్థాలకే ఒక విభాగమున్నది. బ్యాటరీలు, రంగులు, యంత్ర భాగాల మీద పూతలు, మందుల తయారీ, అన్నింటిలోనూ ఈ పని జొరబడింది.

ఇక తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు. ఆ సాయంత్రం ఆ పిల్లనే అడిగి తెలుసుకున్నవి చెపుతాను. ఈ చదువుకు బి.టెక్. వాళ్ళేకాక ఎమ్మెస్సీ ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివినవాళ్ళనూ కొన్నిచోట్ల తీసుకుంటారు. గేట్ పరీక్షగాని రాష్ట్ర పీజీ ఈసెట్‌గాని రాయాలి. గేట్ అర్హతతో అనుమతి ఉన్న కాలేజీలో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు రెండేళ్ళపాటు ఉపకార వేతనం వస్తుంది. ఈ పిల్ల గేట్‌లో తప్పి ఈసెట్ మీద చేరింది కనుక ఆ సొమ్ము లేదు. ఒక ఏడు ఆగి గేట్ మళ్ళీ రాసి ఉంటే బాగుండేదని తానే ఒప్పుకున్నది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, కంది దగ్గరి ఐ.ఐ.టి.లోనూ, వరంగల్లు ఎన్.ఐ.టి.లోనూ మెటీరియల్స్ ఇంజనీరింగుకు సంబంధించిన ఇటువంటి చదువులే ఉన్నవి. కాలేజీకి పోయినప్పుడు భవనం చూడకండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీదేనా, ఒక నమూనా చూడాలంటే పిల్ల ఎన్నాళ్ళు వరుసలో నిలబడాలి, ఎక్కడికి పంపుతారు, ఆ ఖర్చు ఎవరిది అని అడగండి. గత ఏడు చదివినవాళ్ళు ఎక్కడ ఉన్నారో పేర్లతో అడగండి. నానో ఇంజనీరు కావలెను అనే ప్రకటన పత్రికలో అరుదుగా కనిపిస్తుంది. పూతలు, పదార్థాలు, నాణ్యత పరీక్ష అనే పేర్ల కింద ఉద్యోగాలు ఉంటాయి. పరిశోధన వైపు పోతే జాతీయ పరీక్ష నెగ్గిన వారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పు ఉన్నది, కాని ఆ దారి పొడుగు. ఇంట్లో అక్కరకు వచ్చే జీతం వెంటనే కావాలనుకునేవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

పది గుంటల విషయంలో నేను సలహా చెప్పలేదు. బ్యాంకులో చదువు అప్పు అనేది ఒకటి ఉన్నదని మాత్రం చెప్పాను. కాగితాలు నింపడానికి మూడుసార్లు ఆయనతో బ్యాంకుకు తిరిగాను. నా బాకీ కొంత ఉన్నది గదా. అప్పు దొరికింది, బేరం రద్దయింది. రెండో ఏడు ప్రాజెక్టుకు ఆ పిల్ల విత్తనం మీద జింకు పూతనే తీసుకున్నది. ముద్దలు కట్టే బాధ పూర్తిగా తీరలేదట. ఆ మాట ప్రాజెక్టు రిపోర్టులో దాచకుండా రాసింది. 2025లో పట్టా చేతికి వచ్చింది. ఇప్పుడు రంగుల కంపెనీ ఒకదానిలో నాణ్యత పరీక్షలు చేస్తున్నది, కిస్తీలు తానే కడుతున్నది. జీతం పెద్దదేం కాదు.

2025 వానకాలంలో యూరియా దొరకక మన రాష్ట్రంలో రైతులు తెల్లవారకముందే వరుస కట్టి చెప్పులు పెట్టిన రోజులు మీరు మరిచిపోలేదు. ఆ రోజులలో ఒకచోట బస్తాతోపాటు సీసా కూడా కొనాలని బలవంతం చేశారు. కాకాకూ ఒక సీసా అంటగట్టారు. ఆయన దానిని పారవేయలేదు. నన్ను పిలిచి, "రెండు గుంటల మీదనే కొడుదాం సారూ, కడమదంత ఎప్పటిలెక్క" అన్నాడు. మడికి ఓ మూలన తాడు కట్టాము. ఆ రెండు గుంటలకు అంకురం దశలో యూరియా ఆపి సీసా మందు, మిగతా దానికి ఎప్పటి మోతాదు. ఆకు రంగు చూసే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, వరి ఆకును దాని పక్కన పెట్టి పచ్చదనం పోల్చి చూసేది. వారానికొకసారి రెండువైపులా చూశాము. తాడు లోపలి ఆకు వెలిసింది, కాని మునుపటి ఏడంత కాదు, ఎందుకంటే ఈసారి పిలకల దశలో బస్తా ఆపలేదు. కోతనాడు ఆ రెండు గుంటల వడ్లు వేరే కుప్ప పోసి వేరే తూకం వేశాడు. నష్టం వచ్చింది నిజమే, రెండు గుంటల మేరకే.

మీలో ఎవరికైనా కొత్త మందు, కొత్త ఎరువు వాడి చూడాలనిపిస్తే అట్లాగే చేయండి. దుక్కిలో వేసేదీ, పిలకల దశలో వేసేదీ తగ్గించకండి. నేల పరీక్ష చేయించి జింకు లోపం ఉందని తేలితేనే జింకు సంగతి చూడండి. పిచికారీ చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ తప్పనిసరి. సన్న రేణువు ఊపిరితిత్తులలోకి ఇంకా సులువుగా పోతుంది. దుకాణంలో సీసా తీసుకున్నప్పుడు మీద రాసిన శాతం ఎంత, సీసాలో ఉన్నది ఎన్ని మిల్లీలీటర్లు, రెండూ హెచ్చవేసి నూటితో భాగించండి. వచ్చేది గ్రాములు. దానిని బస్తా పక్కన పెట్టి చూడండి. లెక్క రాకపోతే సీసా తీసుకొని మీ ఊరి రైతు వేదికకు రండి. మా దగ్గర పెన్సిలు ఉంటుంది.